మా ఊరికి విమానం, నాయనమ్మ ‘సాలు’

ఆ రోజుల్లో మా నాన్న నోటికి ‘వద్దు’ అనే మాట వచ్చేది కాదు. వద్దనదలుచుకున్న ప్రతిదానికీ ఒక షరతు పెట్టేవారు. సైకిలు అడిగితే “రోడ్డు బాగుపడనీ, కొందాం” అనేవారు. కుక్కపిల్లను అడిగితే “మీ నాయనమ్మ ఒప్పుకుంటే నాకేటి?” అనేవారు. ఆ షరతు ఎప్పటికీ తీరదని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. అయినా నాన్న కాదన్నారని ఎవరూ అనడానికి వీల్లేకుండా ఇల్లు ప్రశాంతంగా నడిచిపోయేది. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజులే.) అలాంటి ఇంట్లో, డిగ్రీ పూర్తవుతూనే నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. దీపావళి అయ్యాక వచ్చి చేరమని ఉత్తరం పంపారు.

నాన్న ఆ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఏటే, ఐదరాబాదంటే మన గోల్‌మురి బజారనుకున్నావా? ఒక్కదానివి రైల్లో అంత దూరం ఎలా ఎల్తావు? మన జంషెడ్‌పూర్ నించి ఇమానం ఎయ్యనీ, నేనే దగ్గరుండి ఎక్కిత్తాను” అన్నారు. మా ఊళ్ళో విమానాశ్రయం లేక కాదు. ఉంది, చిన్నది. పెద్ద విమానం దిగడానికి దాని రన్‌వే చాలదు. మాలాంటివాళ్ళు విమానం ఎక్కాలంటే రాంచీకో కోల్‌కతాకో పోవలసిందే. నాన్న ధైర్యం అదే. “పక్కా, పాపా?” అని అడిగాను. (ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే మేం పిల్లలం హిందీలో జవాబిచ్చేవాళ్ళం, నాన్నను పాపా అనేవాళ్ళం.) “పక్కా” అన్నారు నాన్న, నిశ్చింతగా పేపరు తిరగేస్తూ.

సరే, షరతు విమానమైతే విమానమే తెప్పిద్దాం అనుకున్నాను. దీపావళిలోగా రన్‌వే ఎలా పొడుగవుతుందని మీరు నన్ను అడక్కండి. ఆ వయసులో నాకు సిమెంటు ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు, ప్రభుత్వం కదలడానికి ఎన్నాళ్ళు పడుతుందో అసలే తెలియదు. రన్‌వే పొడిగించాలి, రాత్రిపూట విమానం దిగేలా దీపాలు పెట్టాలి, ప్రయాణికులు కూర్చోడానికి హాలు కట్టాలి, వీటన్నిటికీ ఈసారి బడ్జెట్లో డబ్బు కేటాయించమని మన ఎమ్మెల్యేగారు అసెంబ్లీలో అడగాలి అని శుద్ధ హిందీలో ఒక వినతిపత్రం రాశాను. దాన్ని నాన్నకు చూపించకుండా తిన్నగా మా తెలుగు సంఘం పెద్దల ముందు పెట్టాను. నాన్న ఆ సంఘానికి కార్యదర్శి. సంఘం తీర్మానిస్తే కాదనలేరు.

సంఘంలో అందరికంటే గట్టిగా మాట్లాడేది కుర్చీ మావయ్య. ఎక్కడ మీటింగైనా తన మడతకుర్చీ తనే చంకన పెట్టుకొచ్చేవాడు కాబట్టి ఆ పేరు. ఆయనకు నా వినతిపత్రం తెగ నచ్చింది. ఒక్కటే సందేహం. “ఇమానం బాగానే ఉన్నాది గాని, పలాసలో ఆపుతాడేటి? రెండు నిమిషాలాపితే సాలు, మా ఊరోళ్ళం దిగిపోతాం.”

“విమానం మధ్యలో ఆగదు మావయ్యా.”

“ఎందుకాగదే? సూపర్‌ఫాస్టే ఆగతాది!”

(పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా పెద్దవాళ్ళ నోట్లో ‘చ’ ‘స’ అయిపోతుంది. చీర సీర, చెరువు సెరువు, చాలు సాలు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, దీనితో పనుంది.) చివరికి పలాస సంగతి తర్వాత చూసుకుందామని ఆయన్ని ఒప్పించి తీర్మానం చేశారు. కార్యదర్శి హోదాలో మొదటి సంతకం నాన్నే పెట్టారు. పెడుతూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. రావాలని తాను కోరుకోని విమానాన్ని తానే చేతులు జోడించి అడగాలి పాపం.

మా సంఘం హాల్లో కొత్త వాటర్ కూలర్‌కి రిబ్బను కత్తిరించడానికి ఎమ్మెల్యేగారు వచ్చిన రోజున ముహూర్తం కుదిరింది. నాన్న దండ వేశారు. నేను మైకులో వినతిపత్రం చదివాను. తర్వాత ఆయన లేచారు. తెలుగువాళ్ళ కష్టపడే గుణంతో మొదలుపెట్టి, ఇడ్లీ దోసెల మీద తనకున్న ప్రేమ మీదుగా కాలువలు, వీధి దీపాలు, కుర్రాళ్ళ క్రమశిక్షణ దాకా వెళ్ళారు. ఉపన్యాసం పైపైన చక్కర్లు కొడుతోందే గాని రన్‌వే మీద దిగడంలేదు. ముందు వరసలో మా నాయనమ్మ కూర్చుంది. ఆవిడ వచ్చింది విమానం కోసం కాదు, పులిహోర కోసం. ఉపన్యాసం అయితేగాని పులిహోర పంచరు. చాలాసేపు ఓపిక పట్టింది. ఆఖరికి దీవిస్తున్నట్టు చెయ్యెత్తి, హాలంతా వినబడేలా అంది:

“సాలు బాబూ, సాలు! ఇంక కూకో.”

హాల్లో మావాళ్ళంతా కొంగులూ కండువాలూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎమ్మెల్యేగారి వెంట వచ్చినవాళ్ళ మొహాలు మాత్రం మాడిపోయాయి. హిందీలో బావమరిదిని సాలా అంటారు. బావమరిది కానివాణ్ణి అంటే అది తిట్టు. వాళ్ళలో ఒకాయన లేచి, అమ్మగారు ఏమన్నారని, “మాజీ నే క్యా బోలా?” అని అడిగాడు. అందరూ నావైపు తిరిగారు. మైకు నా చేతిలోనే ఉంది మరి.

“సాలు నహీ, చాలు! దాదీ నే చాలు కహా!” అని అరిచాను. నిజంగా నేను దిద్దింది నాయనమ్మ ఉచ్చారణ ఒక్కటే. కానీ హిందీలో చాలూ అంటే మొదలుపెట్టడం కదా, ఎమ్మెల్యేగారి మొహం విప్పారింది. “క్యా చాలూ, బేటీ?” అని, ఏది మొదలుపెట్టాలో అడిగారు. సరిగ్గా అప్పుడు నా బుర్ర పనిచేసింది. (జీవితంలో అది వేళకు పనిచేసిన సందర్భాలు చాలా తక్కువ.) “ఎయిర్‌పోర్ట్, సర్!” అన్నాను.

ఆయన నాయనమ్మకు రెండు చేతులూ జోడించి, “మాజీ కా ఆదేశ్ హై! చాలూ సమఝియే!” అని, అంటే అమ్మగారి ఆజ్ఞ, పని మొదలైనట్టే అనుకోండి అని, ప్రకటించి కూర్చున్నారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. కుర్చీ మావయ్య కుర్చీని కూడా చరిచాడు. నాన్న కూడా, కార్యదర్శి కదా, చప్పట్లు కొట్టారు. నాయనమ్మ మాత్రం “సెప్పగానే కూకున్నాడు, మంచోడే” అని తృప్తిగా పులిహోర వైపు తిరిగింది.

ఇంటికొచ్చాక జరిగిందంతా నాయనమ్మకు విడమరిచి చెప్పాను. వినగానే నాన్నను పిలిచింది.

“ఏరా, ఇమానం వత్తే ఈ గుంటని పంపుతానన్నావట గదా? మరి పంపు.”

“అమ్మా, ఆయనేదో మాటవరసకి అన్నాడే! అదవ్వాలంటే ఏళ్ళు పడతాది.”

“సప్పట్లు కొట్టినావా, లేదా?”

“అందరూ కొడితే కొట్టినాను.”

“అయితే అందరం పంపుతన్నాం. నువ్వూ పంపు.”

కొత్త షరతు ఏదీ తోచలేదనుకుంటాను, నాన్న అటక మీంచి పెట్టె దించారు.

మా ఊరి రైలుస్టేషను టాటానగర్‌లో నా పెట్టెకు గొలుసు వేసి, దాన్ని మూడుసార్లు లాగి చూసి, ఎదుటి బెర్తు ఆవిడకు నన్ను అప్పగించి, నాన్న కిటికీ దగ్గర నిలబడ్డారు. కంగారుగా ఉందా అని అడుగుతారనుకున్నాను. “రైలే మంచిదిలేవే. ఇమానమైతే మద్దిలో దిగడానికుండదు. ఇదైతే మనసు మారితే ఎక్కడైనా దిగిపోవచ్చు, నేనొచ్చి తీసుకొచ్చేత్తాను” అన్నారు. ఆ రాత్రి ప్రతి స్టేషనులోనూ నాకు మెలకువ వచ్చింది. ఎక్కడా దిగలేదు.

ఎమ్మెల్యేగారు అసెంబ్లీలో అడిగారో లేదో నాకు తెలియదు. తర్వాత ఎవరు గెలిచినా మా సంఘం వినతిపత్రం ఇస్తూనే ఉంది. పెళ్ళయి మళ్ళీ ఈ ఊరికే వచ్చాను కాబట్టి ఇప్పటికీ రాసేది నేనే. (ఇక్కడ ఆగి, లేచి, నిద్రపోతున్న మా పాప నుదురు తాకి వచ్చాను. చల్లగానే ఉంది.) ఇప్పుడు ఊళ్ళోనే అగ్రికో నుంచి పక్కనున్న సీతారామ్‌డేరా దాకా పాపను తీసుకెళ్ళాలన్నా గొడుగు, స్వెటరు, జ్వరం మందు, రెండు సీసాల మరిగించిన నీళ్ళు సర్దుకుంటాను. ఆనాటి ఆ పిల్ల, అంటే అప్పటి నేను, నీళ్ళ సీసా కూడా మరిచిపోయి, నవ్వుతూ రైలెక్కేసింది. ఇవాళ తనొచ్చి “ఆంటీ, వెళ్ళనా?” అని అడిగితే నేనూ నాన్నలాగే ఏ షరతు పెడతానో నాకు తెలుసు. అదృష్టం, అది నన్ను అడగలేదు.