రాయి వెనక గులాబీ చుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. మా నాయిన కిరాణా కొట్లో నూనె కొంటే, మూత తీసి వాసన చూశాకే సీసాను సంచీలో పెట్టుకునేవాడు. ఇస్త్రీ బట్టలు వస్తే నేను రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని. పదేళ్ళ పిల్లకు ఇదేం బుద్ధి అని మా అవ్వ నవ్వేది గానీ, నాకు మాత్రం అది గొప్ప తెలివిగా తోచేది. ఇంట్లో అందరినీ నమ్మేది అవ్వ ఒక్కతే. ఆమె మోసపోకుండా కాపలా కాయడం నా పని అని నాకు నేనే అప్పజెప్పుకున్నాను.

తొంభైల మొదట్లో మాట ఇది. మేం మేడ్చల్‌లో రైలు పట్టాలకు ఇవతల, కొత్తగా వేసిన కాలనీలో ఉండేవాళ్ళం. పక్కింటి అంకుల్ ఏదో ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆదివారం తెల్లచొక్కాతో, భార్యతో కలిసి చర్చికి పోయేవాడు. మిగతా రోజులు నూనె మరకల చొక్కాతో సైకిలెక్కి డ్యూటీకి పోయేవాడు. అంతకుమించి ఆయన గురించి మాకేమీ తెలియదు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మా నాయిన దృష్టిలో అదే పెద్ద తప్పు.

ఒక వేసవిలో ఆయన శామీర్‌పేట నుంచి ట్రాలీ ఆటోలో ఏదో ఇనుప సామాను తెచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో దించాడు. దానిమీద గోనెపట్టా కప్పి ఉంది. కప్పి తెచ్చాడు గనుక మంచి వస్తువై ఉండదని నాయిన తేల్చేశాడు. నేను పిట్టగోడ ఎక్కి చూశాను. తుప్పు పట్టిన ఇరుసు, దానికి రెండు సాన చక్రాలు, చెదలు తిన్న బల్ల. అది ఉంగరాల రాళ్ళకు సానపట్టే మిషనని తర్వాత ఆయన భార్య చెబితే తెలిసింది. అంకుల్ వాళ్ళ నాయిన పాతబస్తీలో ఆ పని చేసేవాడట. ఆయన పోయాక మిషను చుట్టాల మేకల కొట్టంలో ఏళ్ళ తరబడి పడి ఉందట.

ఆ వేసవంతా అంకుల్ డ్యూటీ నుంచి రాగానే దాని ముందు కూర్చునేవాడు. ఇరుసును కిరసనాయిలుతో తడిపి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది తెల్లగా చేశాడు. బేరింగులు మార్చాడు. బల్లకు కొత్త చెక్కలు కొట్టాడు. ఎవరో పారేసిన పిండి గ్రైండరు మోటారును బాగుచేసి, బెల్టుతో ఇరుసుకు తగిలించాడు. చక్రం మీద ఎప్పుడూ నీళ్ళు చుక్కచుక్కగా పడుతుండాలి, లేకపోతే రాయి వేడెక్కి పగులుతుంది. అందుకని ఖాళీ సెలైన్ సీసా ఒకటి సంపాదించి, మేకుకు వేలాడదీశాడు.

లోపల గుర్రుమని చప్పుడు, తూములోంచి తుప్పు రంగు నీళ్ళు, పైన సెలైన్ సీసా. మా కాలనీకి అంతకంటే ఏం కావాలి. నకిలీ కెంపులు, పచ్చలు చేసి నగరంలో అమ్ముతున్నాడన్నారు. నేను కళ్ళారా చూశాను కూడా. ఆయన పగిలిన సీసా ముక్కను వేడి లక్కతో ఒక పుల్ల చివర అతికించి, ఆ పుల్ల పట్టుకుని చక్రానికి ఆనించాడు. సాయంత్రానికల్లా ఆ గాజుముక్క నున్నటి ఆకుపచ్చ రాయైపోయింది. చేయి కుదరడానికి గాజుమీద నేర్చుకుంటున్నాడన్న ఆలోచన నాకు రానేలేదు. పరిగెత్తుకుపోయి నాయినకు చెప్పాను. ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మా అవ్వ తన ఉంగరం రాయిని పట్టుకెళ్ళి ఆయనకు ఇస్తానంది.

అది ఎర్ర అకీక్ రాయి. అవ్వకు వాళ్ళమ్మ ఇచ్చిన వెండి ఉంగరంలోది. అవ్వ దగ్గర వాళ్ళమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే. రావల్‌కోల్ పొలాల్లో నలభై ఏళ్ళు కలుపు తీసిన చేతికి ఉండి ఉండి, గీతలు పడి, ఇటుకముక్కలా మసకబారింది. ఆ నెలలో ఉంగరం వదులై రాయి ఊడివచ్చింది. మళ్ళీ పొదిగించేలోపు సానపట్టించాలని అవ్వ ఆశ. నాయిన వద్దంటే వద్దన్నాడు. ఇచ్చిన రాయే తిరిగొస్తుందని ఏమిటి నమ్మకం అన్నాడు.

"మిషన్‌ను గంత పావురంగ, కన్నబిడ్డ లెక్క తుడుసుకునేటోడు నా రాయిని మింగుతడా?" అంది అవ్వ.

ఆమె చీర మార్చుకునేలోపు నేను చేయాల్సింది చేశాను. మా మేనత్త మరిచిపోయి వెళ్ళిన గులాబీరంగు గోళ్ళరంగు సీసా నా దగ్గరుండేది. రాయిని తిప్పి, వెనకవైపు ఆవగింజంత చుక్క పెట్టాను. ఊది ఊది ఆరబెట్టాను. రాయి మారిందో, చుక్క ఉండదు. దొంగ దొరుకుతాడు. తర్వాత అవ్వ వెంట నేనూ వెళ్ళాను. అంకుల్ రాయిని అందుకుని, ముందు చూశాడు, వెనక చూశాడు. ఒక్క క్షణం నా చేతుల వంక చూశాడు. నా పది గోళ్ళకూ అదే రంగుంది. గబుక్కున చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన రాయిని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

నాలుగు రోజులు షెడ్డు తలుపు వేసే ఉంది. అయిదో రోజు అంకుల్ కుడిచేతి చూపుడువేలికి కట్టుతో కనిపించాడు. ఏమైందని అవ్వ అడిగితే, ఏంలేదవ్వా అని దాటేశాడు. దాటేశాడంటే ఏదో దాస్తున్నాడన్నమాట. అది కూడా నాయినకు చేరవేశాను.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే భార్యాభర్తలిద్దరూ మా వాకిట్లోకి వచ్చారు. ఆయన రుమాలు విప్పి రాయిని అవ్వ చేతిలో పెట్టాడు. అది మేం ఇచ్చిన ఇటుకముక్క కాదు. దానిమ్మగింజలా మెరుస్తోంది. కాస్త చిన్నదైంది. లోపల వెంట్రుకంత తెల్లగీత కూడా ఉంది, అది మా రాయిలో నేనెప్పుడూ చూడలేదు. లాక్కుని వెనక్కి తిప్పాను. చుక్క లేదు.

"ఇది మన రాయి గాదు నాయినా. నేను ఎన్క రంగు చుక్క పెట్టిన. లేదు సూడు," అన్నాను.

అప్పుడు నాలో ఉన్నది బాధ కాదు, గెలిచానన్న సంతోషం. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. నాయిన లేచి నిలబడ్డాడు. అసలు రాయి ఏం చేశావని గట్టిగానే అడిగాడు. ఇద్దరు ముగ్గురు గేటు దగ్గర ఆగారు. అంకుల్ భార్య ముఖం ఎర్రబడింది, ఏదో అనబోయింది. ఆయన కట్టున్న చేత్తోనే ఆమెను వారించి, మా అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, జర ఎండకు పెట్టి సూడున్రి," అన్నాడు.

అవ్వ రాయిని వేళ్ళతో పట్టుకుని ఎండలోకి ఎత్తింది. చాలాసేపు చూసింది.

"గీ తెల్లగీత మా అమ్మ ఏలికి ఉన్నప్పుడు సూశిన. చిన్నగున్నప్పుడు నన్ను ఒళ్ళె కూసోబెట్టుకొని గిట్లనే సూపెట్టేది. గీసుకపోయి గీసుకపోయి నా కంటికి ఆనకుంట వాయె. మల్ల గిన్నేండ్లకు అగుపడ్డది," అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాయిన కూర్చుండిపోయాడు. గేటు దగ్గరివాళ్ళు మెల్లగా జారుకున్నారు. మరి చుక్క సంగతేమిటని నాయిన నన్ను అడగబోతే, చిన్నపిల్ల పెట్టిన రంగు ఎంతసేపు నిలుస్తది అన్నా, అని అంకులే మాట తప్పించాడు.

సాయంత్రం అవ్వ గిన్నెలో ఉడకబెట్టిన శనగ గుడాలు పోసి, వాళ్ళింట్లో ఇచ్చిరమ్మని నన్నొక్కదాన్నే పంపింది. ఆంటీ గిన్నె అందుకుని, నన్ను నేరుగా షెడ్డులోకి తీసుకెళ్ళింది. బల్లమీది పుల్ల ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. దాని చివర గడ్డకట్టిన లక్క. లక్కలో ఆవగింజంత గులాబీ చుక్క.

"రాయి ఎన్క సాఫ్ జెయ్యకుంటే లక్క పట్టదు. ఆయనకు తెల్వదా? తుడువుమంటే ఇనలే. పోరి పానం కొట్టుకొని గుర్తు పెట్టుకున్నది, చెరిపితే పరేషాన్ అయితది అన్నడు. చక్రం తిరుగుతుంటె రంగు లక్కకే అంటుకొని, రాయి ఊడి ఎగిరిపడ్డది. ఏలు చక్రానికి తాకి సగం గోరు వాయె," అంది. కోపంగానే అంది. అనాల్సిందే కదా.

అంకుల్ సెలైన్ సీసాలో నీళ్ళు పోస్తున్నాడు. నేను ఏడ్చాను. ఆయన వెనక్కి తిరగకుండానే, "మల్లోసారి గుర్తు పెడితే నాకు జెప్పి పెట్టు బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత మా కాలనీలో ఆడవాళ్ళు చాలామంది ఆయనకు రాళ్ళు ఇచ్చారు. మొదట ఇప్పించింది మా నాయినే.

నేను ఇప్పటికీ అనుమానపు మనిషినే. కొంపల్లిలో కూరగాయలు కొన్నా తూకం వంకే చూస్తాను, పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది. కానీ ఒక మనిషిని దొంగ అని నలుగురిలో అనబోయిన ప్రతిసారీ నా నోరు ఆగిపోతుంది. నా పెళ్ళిలో దీవించడానికి అంకుల్ నా తలమీద చేయి పెట్టినప్పుడు, ఆ చూపుడువేలి గోరు నాకు దగ్గరగా కనిపించింది. పదమూడేళ్ళయినా అది సగమే పెరిగింది.