అప్పలసూరి మాస్టారి పాము పాఠం

అప్పలసూరి మాస్టారు పరమపదించారన్న వార్త నాకు ఫోనులో చెప్పింది మా బడిలో వంట చేసే ఆదమ్మ. "మేడం, మాస్టారిని పాము కరిసీసింది. ఆస్పత్రికి తీసుకెల్లీలోగానే పోయారు" అంది. నేను నమ్మలేదు. మా ఊళ్లో పాము మాట వస్తే చాలు, మాస్టారి పేరు కలిపి వేళాకోళం చేయడం అందరికీ అలవాటు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆదమ్మ ఏడుపు వినబడ్డాక నమ్మక తప్పలేదు.

నరసన్నపేటకు కాస్త లోపలగా ఉన్న మా ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులం ఇద్దరమే, ఆయనా నేనూ. పాముల్ని చంపవద్దని జీవితమంతా బోధించిన మనిషి, కోతల వేళ తన పొలంలోనే, వరి పనల కింద నక్కిన రక్తపింజర కాటుకు బలయ్యారు. విధి వైపరీత్యమని పెద్దలు నిట్టూరుస్తున్నారు. మాస్టారు చెప్పిన పాఠమే తప్పని ఊరు అంటోంది. ఆయన పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆయనతోపాటు ఆ పాఠమూ పోతుందేమోనన్న బెంగ మరో ఎత్తు. ఐదో తరగతికి ఆహారపు గొలుసు పాఠం ఇంకా మిగిలే ఉంది. ఇక చెప్పవలసింది నేనే. నిజం చెప్పాలంటే నాకు ఓపిక లేదు.

మీరేం తింటారని పిల్లల్ని అడిగే ఉపాధ్యాయులు చాలామంది ఉంటారు. మాస్టారు "నిన్నెవులు తింతారు రా?" అని అడిగేవారు. ఒకసారి ఒక పిల్లవాడు బుర్ర గోక్కుని "నన్ను దోమలు తింతన్నాయి మాస్టారూ" అన్నాడు. తరగతి గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వకుండా బోర్డు మీద వాడి పేరు రాసి, బాణం గీసి దోమ, దోమ నుంచి కప్ప, కప్ప నుంచి పాము, పాము నుంచి గద్ద అంటూ గొలుసు కట్టేశారు. "మడిసిని ఎప్పుడూ సివర్న రాయకండి. మద్దిలో కూడా రాయండి. సివర్నే రాస్తే పొగరొస్తాది" అన్నారు. ఏ శిక్షణ తరగతిలోనూ నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆయనతో కలిసి పనిచేయడం సులువని మాత్రం ఎవరూ అనుకోవద్దు. బియ్యం గదిలో ఎలుకలు బస్తాలు కొరికేస్తుంటే విసుగెత్తి నేను మందు తెచ్చి పెట్టాను. మర్నాటికి మాయమైంది. అడిగితే, "తీసి పాతీసినానమ్మా. ఎలక్కెట్టిన మందు ఎలకతో ఆగదు. దాన్ని గుడ్లగూబ తింతాది, అదీ సస్తాది. రేపు ఎలకల్ని పట్టీవోలెవులు?" అన్నారు. పట్టేది ఎవరో నాకు తెలియదు గాని బియ్యం లెక్క చెప్పుకోవలసింది నేనే కదా అని గట్టిగానే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. ఆదివారం నాడు సిమెంటు కలుపుకుని వచ్చి కన్నాలన్నీ తానే పూడ్చారు. పొందూరు ఖద్దరు చొక్కా నిండా సిమెంటు మరకలే. ఆ తర్వాత ఎలుకలు తగ్గాయి, నా గొణుగుడూ తగ్గింది.

ఊళ్లో ఆయనకు ప్రాణస్నేహితుడు కూర్మయ్య అనే రైతు. వరసకు బావ. జెర్రిపోతు కనబడితే కర్ర తీయడం కూర్మయ్యకు అలవాటు, అడ్డం పడటం మాస్టారికి అలవాటు. "బావా, దీనికి ఇసం లేదు. ఎలకల్ని తిని నీ గింజ కాస్తన్నాది. దీన్ని సంపీసినావంటే రాత్రిల్లు నువ్వే గట్టు మీద కూకోవాల" అనేవారు. కూర్మయ్య తిడుతూనే కర్ర దించేవాడు. తర్వాత తర్వాత పొలం నుంచి ఫోను చేసి, "బావా, మీ సుట్టాలొచ్చారు. కాపీ తెచ్చి ఇయ్యి" అని ఏడిపించేవాడు. అలాగని మాస్టారిది మొండి ధైర్యం కాదు. పామన్నది ఏదైనా దూరంగా ఉండమనీ, కరిస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆస్పత్రికి పరుగెత్తమనీ పిల్లల చేత వల్లె వేయించేవారు. పాము కరిచిన ఆ సాయంత్రం తనను ఆస్పత్రికే తీసుకెళ్లమన్నారట. దారి మధ్యలోనే ఊపిరి ఆగింది.

అంత్యక్రియలైన మర్నాటి నుంచి మగవాళ్లు కర్రలు పట్టుకుని గట్లన్నీ గాలించారు. ముందున్నది కూర్మయ్యే. "మా బావని తీసీసుకున్న జాతిని ఉంచుతామేటి?" అన్నాడు. పగతో అన్న మాట కాదది, ప్రేమతో అన్నది. మాస్టారి భార్య పార్వతమ్మగారి దగ్గర నేను కూర్చుని ఉండగా, రెండు చచ్చిన జెర్రిపోతుల్ని కర్రకు వేలాడదీసుకుని వచ్చి గుమ్మం ముందు పడేశాడు.

"సూడక్కా" అన్నాడు.

పాములంటే ఆమెకు చచ్చేంత భయం. ఆ పిచ్చి మానమని భర్తతో జన్మంతా పోట్లాడిన మనిషి. చాలాసేపు వాటి వంక చూసింది.

"ఇవి ఎలకల్ని తినీవి కాదేటి తమ్ముడూ?"

కూర్మయ్య కర్రతో వాటిని గుమ్మానికి దూరంగా జరిపాడు.

"ఆయన్ని కరిసింది ఇవి కావు. మీ బావ ఉంటే నీతో మాటాడీవోరు కాదు. తీసుకెల్లి పాతియ్యి" అంది.

కర్ర కింద పెట్టి, ఆ అరుగు మీదే కూర్చుని కూర్మయ్య భోరుమన్నాడు. ఆ తర్వాత కొందరు వేట మానారు, కొందరు మానలేదు.

సోమవారం పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద వరి, ఎలుక అని రాసి బాణం గీశాక చెయ్యి ఆగిపోయింది. కూర్మయ్య మనవరాలు లేచి, "అక్కడ గుడ్లగూబ రాసీండి మేడం, పాము వద్దు" అంది. రాసేద్దామనే అనిపించింది. ఆ గొలుసూ తప్పు కాదు, ఎవరూ నన్ను తప్పుపట్టరు. ఇంటా బయటా ఇదే మాట విని విని అలసిపోయాను. ఇద్దరి తరగతులూ ఒక్కదాన్నే లాగుతున్నాను.

అంతలో ఆ పిల్లే అడిగింది, "పాము మాస్టారిని తినీడానికి కరిసిందా మేడం?"

"కాదమ్మా. మనిషిని అది తినదు. కాలు మీద పడుతుందని భయపడి కరిచింది."

"మా తాత కూడా బయపడే సంపీసినాడా?"

"భయపడీ, ఏడుపు ఆపుకోలేకానూ."

ఆ పిల్ల బోర్డు వంక చూసింది. "అయితే పామే రాయండి మేడం. లేపోతే మాస్టారు తిడతారు" అంది.

పాము అని రాశాను. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు.

మాస్టారూ, పాఠం అయిందనిపించాను. మీలా చెప్పడం నాకు చేతకాలేదు, ఇక ముందు చేతనవుతుందన్న ఆశా లేదు. ఊరంతటిలో మీ కుర్చీలో కూర్చోగలవారు నాకు కనబడటం లేదు. మీ స్మృతికి చేతులు జోడిస్తున్నాను. మీరు తిడతారని ఆ పిల్ల ఇంకా నమ్ముతోంది. రేపు నేను పొరపాటు చెబితే తిట్టడానికి మీరు లేరు.