తిప్పకుండానే పెట్టిన టిక్కులు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో ఉన్నప్పటి సంగతి ఇది. కాలు, చెయ్యి కదలని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే వీపు మీద పుండ్లు పడకుండా ఉంటాయా అని అక్కడ ఒక నర్సమ్మ పరిశోధన చేస్తోంది. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చదువు వచ్చని చెప్పుకుంటే కాగితం నా చేతికే ఇచ్చింది. తిప్పినప్పుడల్లా గడిలో టిక్కు పెట్టాలి.

మూడు రోజులు తిప్పాను. తర్వాత నా నడుము పట్టేసింది. రెండు రోజులు తిప్పకుండానే గడులన్నీ నింపాను.

ఆరో రోజు పొద్దున నర్సమ్మ ఆయన్ను పక్కకు ఒరిగించింది. నడుము కింద తోలు కమిలి ఊడివస్తోంది. ఆమె కాగితం చూసి, "గిన్నిసార్లు తిప్పినా పుండు పడ్డదంటే, తిప్పుడుతోని ఫాయిదా లేదని రాయాలె అవ్వా" అంది.

నేను కాగితానికి చెయ్యి అడ్డం పెట్టాను. "రాయకు బిడ్డా. నేను తిప్పలే. ఉత్తగనే టిక్కు పెట్టిన."

మా ఆయన వంకరపోయిన నోటితోనే, "గిందుకేనా సదువు నేర్సింది?" అన్నాడు.

నర్సమ్మ తిట్టలేదు. "ఎందుకు తిప్పలే?" అని అడిగింది.

"ఒక్కదాన్ని. సాతగాలే."

ఆ మాటే కాగితంలో రాసుకుంది. ఆ మధ్యాహ్నం నుంచి తిప్పడానికి ఒక ఆయాను నాకు తోడిచ్చారు.

పుండు మానడానికి నెల పట్టింది. చేతకాలేదని రెండు రోజుల ముందే చెప్పి ఉంటే ఆయనకు ఆ నొప్పి ఉండేది కాదు.