తొమ్మిది మిషన్లు, ఒకే డిస్కు

1995 జూన్ 12, సోమవారం నాడు నేను మార్కాపురం డేటా ఎంట్రీ కేంద్రంలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా చేరాను. పశ్చిమ మండలాల వృద్ధాప్య పింఛను దరఖాస్తులను కంప్యూటరులోకి ఎక్కించి, జాబితాను ఒంగోలుకు పంపడం కేంద్రం పని. జాబితాలో లేని పేరుకు ఆ ఏడు పింఛను రాదు.

అక్కడ యూనిక్స్ మీద నడిచే మిషన్లు తొమ్మిది. వాటిలో డిస్కు ఉండదు. స్విచ్ వేయగానే ఒక్కొక్కటీ కేబుల్ ద్వారా లోపలి గదిలోని సర్వరును పిలిచి, తనను నడిపే ప్రోగ్రామును అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. దీన్ని నెట్‌వర్క్ బూట్ అంటారు. టైపు చేసిన దరఖాస్తులు కూడా సర్వరు డిస్కులోకే పోతాయి. ఎంత చోటు మిగిలిందో చూడటానికి డీఎఫ్ అనే కమాండు ఉంది.

మా మేనేజరు శెట్టిగారు కంభంలో వేరుశనగ వ్యాపారం చేసే ఇంటి మనిషి. ప్రతి శనివారం, గోడౌన్లు చూసినట్టు, మిషను మిషనుకూ తిరిగి ఆ కమాండు కొట్టి, వచ్చిన అంకెలు కూడేవాడు. ఒక్కోదాంట్లో 90 మెగాబైట్లు, మొత్తం 810. ఆ ధైర్యంతోనే కొనకనమిట్ల మండలం పని కూడా ఒప్పుకున్నాడు.

నేను చేరిన వారమే ఆ అంకెలు చూసి నాకు దిగులు పట్టుకుంది. వేర్వేరు డిస్కులైతే తొమ్మిది మిషన్లలో చివరి అంకె దాకా ఒకే లెక్క ఉండకూడదు. మొదటి మిషన్లో పది మెగాబైట్ల ఉత్త ఫైలు ఒకటి సృష్టించి, చివరి మిషను దగ్గరికి పోయి చూశాను. అక్కడ 80 ఉంది. మధ్యలోని ఏడింటిలోనూ 80. ఫైలు చెరిపితే అన్నింట్లో మళ్లీ 90.

శెట్టిగారికి చెప్పాను.

"ఏందమ్మా, తొమ్మిది చోట్ల నా కళ్లతో చూసినా. అన్నీ అబద్ధం చెప్తాయా?"

"అబద్ధం కాదన్నా. గోడౌను ఒకటే, తలుపులు తొమ్మిది. మీరు తలుపు తలుపుకీ వచ్చి అదే సరుకు లెక్కబెట్టినారు."

ఆపరేటర్లలో మరియమ్మది బేస్తవారిపేట మండలం, ఆ మండలం దరఖాస్తులు ఎక్కించేదీ ఆమే. నోరు ఊరుకోదు. "జీతాలు గూడా అట్లనే ఒక్కటి చూపించి తొమ్మిదిమందికి ఇచ్చినామంటారేమో," అని నవ్వింది. అంతలోనే ఆమె ముఖం మారింది.

"అక్కా, అయితే నేను పక్క మిషన్లో దాచిన నకలో?"

ఆపరేటర్లందరూ సాయంత్రం పూట, తమ మిషను చెడినా పని మిగలాలని, పక్క మిషన్లో ఒక నకలు ఉంచేవారు. అవన్నీ ఆ ఒక్క డిస్కులోనే చోటు తింటున్నాయి. డిస్కు నిండినప్పుడు భద్రం చేసే ఫైలు సగంలో తెగుతుంది. మా ఎంట్రీ ప్రోగ్రాము ఆ సంగతి తెర మీద చూపదు. బేస్తవారిపేట దరఖాస్తుల కట్టలు అప్పటికే మండలానికి తిరిగి పంపడానికి లారీ ఎక్కాయి. వాటిలో మరియమ్మ అత్తది కూడా ఉంది.

శెట్టిగారు నకళ్లు చెరిపేసి పని సాగించమన్నాడు. ఎంట్రీ ఆగాలని, డిస్కులో ఉన్నదంతా విడిగా ఉండే టేపుకు ఎక్కించి, ఆ టేపును తిరిగి చదివి సరిచూసేదాకా లారీ కదలకూడదని నేను చెప్పాను. ఆలస్యానికి ఒంగోలులో ఎవరు జవాబు చెప్తారని అడిగాడు. నేనే చెప్తానన్నాను. ఆయన తానే బయటికి పోయి డ్రైవరును ఆపాడు.

టేపు చదివి, లారీలోని కట్టల మీద రాసిన లెక్కతో పోల్చితే బేస్తవారిపేట ఫైలులో 212 పేర్లు తక్కువ వచ్చాయి. ముందు వారం అందరూ ఒకేసారి నకళ్లు తీసినప్పుడు, పాత నకళ్లు చెరిపేదాకా డిస్కు కాసేపు నిండింది. ఆ సమయంలో భద్రం చేసిన ఫైలు అది. దాని నకలు తర్వాత తీసింది కాబట్టి అదీ సగమే. తప్పిన పేర్లలో మరియమ్మ అత్త పేరు ఉంది. ఆమె లారీ దగ్గరికి పోయి కట్టలు దించడం మొదలుపెట్టింది.

శెట్టిగారు ఒంగోలుకు ఫోను చేసి, ఇంకో డిస్కు వచ్చేదాకా కొనకనమిట్ల పని తీసుకోలేమన్నాడు.

డీఎఫ్ చూపిన అంకె తప్పు కాదు, దాన్ని తొమ్మిదిసార్లు కూడటం తప్పు. ఖాళీ ఎంత అని అడిగేముందు ఆ ఖాళీ ఏ డిస్కులో ఉందో అడగాలి. రిటైరయ్యేదాకా ఏ కేంద్రానికి వేసినా, అసలూ నకలూ ఒకే డిస్కులో ఉన్నాయేమో మొదటి రోజే చూసేదాన్ని. చాలాచోట్ల ఉండేవి.