చెడ్డ కబురు వినలేని మేనేజరు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర మందుల గోదాములో నేను పనిచేసిన రోజుల్లో మాకొక మేనేజరు ఉండేవారు. ఆయన ఎవరినీ కసిరి ఎరగరు. చెడ్డ కబురు వింటే మాత్రం కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ తలవంచుకునేవారు. ఆ మొహం చూడలేక మేమే మాట మార్చేసేవాళ్లం.

గోదాములో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించే బాధ్యత ఆయన మీద పడింది. పాతది ఆపేయడానికి కొద్దిరోజుల ముందు, కోల్డ్ రూమ్ చూసే అక్క మీటింగులో లేచింది.

"సార్, చల్లగ ఉంచే మందులు కొత్త సిస్టంల కనవడ్తలేవు. జర ఆగుదాం."

ఆయన కళ్లజోడు తీశారు. "ఓనరు గారికి తేదీ చెప్పేశానమ్మా" అన్నారు మెల్లగా.

అక్కకే జాలేసింది. "సరే తియ్యి సార్, మేం చూసుకుంటం" అని కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఎప్పుడడిగినా అందరం "అంతా బాగుంది సార్" అనే అన్నాం.

కొత్తది మొదలైన రోజు, విమానానికి పంపాల్సిన ఇన్సులిన్ పెట్టెలను లారీలకెత్తాం. అసలు అలాంటి మందే లేదంటూ కంప్యూటర్ గేటు పాసు ఇవ్వలేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనుకుంటూ ఉండగానే ఎండ నడినెత్తికొచ్చింది.

సార్ బయటికి పరిగెత్తుకొచ్చారు. "ఇలా అవుతుందని ముందే ఎవరికీ తెలీదా?"

"అందరికీ తెలుసు సార్" అంది అక్క.

ఆయన ఒక పెట్టె మూత తీశారు. లోపలి ఐసు కరిగి నీళ్లయిపోయింది. మూత జాగ్రత్తగా పెట్టేసి, మా వైపు తిరిగారు.

"ఓనరు గారికి ఏమని చెప్పమంటారు?"

ఆయన కళ్లజోడు తీశారు. మేం పెట్టెలు దించడం మొదలుపెట్టాం.