పక్క తలుపు బయట ఆరు జతల బూట్లు

ఇలా దగ్గరగా జరగండి. కాళ్లు ఆ దుప్పట్లోకి లాక్కోండి, ఇది చలి సంగతి, వింటుంటేనే పాదాలు లాగుతాయి. మధ్యలో టీ కావాలంటే లేచి పెడతాను. ఎక్కడ ఆపానో నాకు గుర్తుంటుంది. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, రాసిపెట్టుకోవడం అలవాటు లేక అన్నీ తలలోనే దాచుకున్నాను.

మా ఆయన లారీ నడుపుతారు. బయల్దేరితే పదిరోజులకు గాని ఇంటికి రారు. బ్రాంప్టన్‌లో మనవాళ్ల మధ్య ఉన్నన్నాళ్లూ నాకు ఆ లోటు తెలియలేదు. ఆ తరవాత కెనడాకు చదువుకునే పిల్లలు వరదలా వచ్చిపడ్డ రోజుల్లో, అద్దెలొస్తాయని ఎవరో చెబితే, ఈ యూనివర్సిటీ ఊళ్లో ఇల్లు కొన్నారు. ఊరంటే చుట్టూ మొక్కజొన్న చేలు, ఆవుల కొట్టాలు, గుట్ట మీద యూనివర్సిటీ, గుట్ట కింద మా వీధి. క్లాసులున్న రోజుల్లో ఒక బస్సు ఆ గుట్ట ఎక్కుతూ దిగుతూ ఉండేది, ఊరు మాత్రం దాటేది కాదు. శని ఆదివారాలు అదీ లేదు. నాకు డ్రైవింగ్ రాదు. మంచు మొదలైతే ఏప్రిల్ దాకా నాకు లోకమంతా వంటింటి కిటికీయే. అందులోంచి కనపడేది పక్కింటి గోడ, గోడకో కిటికీ, ఎప్పుడూ వేసి ఉండే తెల్ల పరదా. ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. మా ఇద్దరికీ మధ్య నడిచింది ఒకటే మాట. ఆవిడ ‘కోల్డ్’ అనేది, నేనూ ‘కోల్డ్’ అనేదాన్ని.

మా బేస్‌మెంటులో ఆరుగురు తెలుగు ఆడపిల్లలు అద్దెకు ఉండేవాళ్లు. ఊరి ఆఫీసు వాళ్ల లెక్కన ముగ్గురే ఉండాలి. తప్పే, కాదనను. కాని యూనివర్సిటీ ఆ ఏడు చేర్చుకున్నంతమందికి ఊళ్లో గదులు లేవు. చర్చి హాల్లో పరుపులు వేసుకుని పడుకున్న పిల్లలున్నారు.

“ఎవరడిగినా ముగ్గురనే చెప్పు. ముగ్గురికి మించి ఒకేసారి బయటికి పోనీకు. పరదాలు తీయనీకు,” అనేవారు ఆయన. “తెలిసిందంటే ఆరుగురూ రోడ్డు మీదే.”

అలా నేను పైన, వాళ్లు కింద, అందరం పరదాల వెనకే బతికాం. కింద ఎవరైనా గట్టిగా నవ్వితే నేను పైనుంచి కాలితో నేల తట్టేదాన్ని.

ఆరుగురిలో ఆఖరున వచ్చింది ఖమ్మం పిల్ల. అంతకుముందున్న ఇల్లు ఓనరు అమ్మేస్తే, డిసెంబరులో రెండు పెట్టెలతో మా ఇంటి పక్కవైపు తలుపు దగ్గర నిలబడింది. ఇంకొక్క టర్మ్ మిగిలింది ఆ పిల్లకు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ల్యాబ్‌కు తప్పకుండా వెళ్లాలి. ల్యాబ్ పోతే డిగ్రీ పోతుంది, డిగ్రీ పోతే వర్క్ పర్మిట్ లేదు.

“ఏప్రిల్ దాకా ఉండనియ్యండి ఆంటీ. ఏదో మూలన పడుంటా,” అంది.

“ఏప్రిల్ దాకా నిన్నెవరూ కదపరమ్మా,” అన్నాను. ఆ మాట అన్నది నేనే, గుర్తుపెట్టుకోండి.

ఇక బూట్ల సంగతి. ఆ పక్క తలుపు తీస్తే చాపంత చోటు. అక్కడినుంచి ఎడమకు బేస్‌మెంటు మెట్లు, కుడికి నా వంటిల్లు. ఇల్లంతా వెతికినా బాత్‌రూమ్ గోడ తగలని చోటు అదొక్కటే దొరికితే, దేవుడి పటాలు అక్కడే పెట్టుకున్నాను. మరి పటాల కింద బూట్లు ఎలా విప్పనిస్తాను? బయట చూరు కింద ఒక చెక్క వేసి, అక్కడే విప్పి రమ్మన్నాను. ఆరు జతలూ వరసగా ఉండేవి. బడికి పోయే పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు నేనే సర్దేదాన్ని.

పొద్దున్నే అవి రాళ్లయిపోయేవి.

“దేవుడికి హీటర్ గాలి, మాకేమో ఐస్ బూట్లు. ఇదేం న్యాయం ఆంటీ?” అనేది గుంటూరు పిల్ల.

“ఆయన నీలాగా పది దాకా పడుకోడే. ముందు దణ్ణం పెట్టు,” అనేదాన్ని.

అన్నానే గాని పిల్లల కాళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. అందుకని రాళ్లుప్పు మూకుట్లో వేయించి, పాత చీర పీలికల్లో మూటలు కట్టి, వాళ్లు బయల్దేరేముందు ఒక్కో బూటులో ఒక్కోటి దూర్చేదాన్ని. మోకాళ్ల నొప్పులకు మా అమ్మ కాపడం పెట్టేది, అదే మూట. పన్నెండు మూటలు. పిల్లలు ముగ్గురు ముగ్గురుగానే బయటికి వెళ్లేవాళ్లు, ఎవరికీ లెక్క దొరక్కూడదని. ఆరు జతలు మాత్రం సాయంత్రం నుంచి పొద్దున దాకా చెక్క మీద నిలబడి లెక్క చెబుతూనే ఉండేవి. గుమ్మం బయట చెప్పులు ఉండడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే కదా, అది కంటికి ఆనలేదు నాకు.

సంక్రాంతి వెళ్లిన వారం ఒకరోజు, పిల్లలంతా క్లాసులకు వెళ్లాక, తలుపు తట్టిన చప్పుడైంది. నేను తీయలేదు. అడుగులు వెళ్లిపోయాక చూస్తే ఒక కాగితం సంచీ ఉంది. అందులో ఊలు మేజోళ్లు, చేత్తో అల్లినవి. లెక్కపెట్టాను. ఆరు జతలు. నెల్లూరు పిల్లవి చిన్న పాదాలు, ఒక జత సరిగ్గా ఆ కొలతకే ఉంది. అడుగున ఇంగ్లీషులో ఒక చీటీ.

కిటికీ వైపు చూస్తే, పక్కింటి తెల్ల పరదా ఓ పక్కకు తొలగి ఉంది.

ఆయనకు ఫోన్ చేశాను. విన్నిపెగ్ దాటి ఎక్కడో మంచులో ఉన్నారు.

“ఆరని తెలిసిపోయింది,” అన్నారు. “‘నాకు తెలుసు మీ లెక్క’ అని చెప్పడమే అది. చీటీ కూడా పెట్టిందిగా.”

“చీటీలో ఏముందో...”

“ఇంకేముంటుంది? వార్నింగే. ఆఖరున వచ్చిన ముగ్గుర్నీ ఆదివారానికి పంపించెయ్. నేను వాళ్లకు మెసేజ్ పెడతా.”

నాకు ఇంగ్లీషు రాకపోయినా, చదివే పిల్లలు సాయంత్రానికి ఇంటికొస్తారు, చీటీ చూపించొచ్చు. చూపించలేదు. చదివితే నిజమైపోతుందని భయం. సంచీని బియ్యం బస్తా వెనక దాచేశాను.

ఆదివారం ఖమ్మం పిల్ల పెట్టెలు సర్దుకుంది. మిగతా ఇద్దరికీ బ్రాంప్టన్‌లో చుట్టాలున్నారు, వాళ్లు తెచ్చిన కారులోనే ఈ పిల్లా ఎక్కింది. ముందురోజు రాత్రి కలిపి ఉంచిన పులిహోర డబ్బా చేతిలో పెడితే తీసుకుంది. నా మాట గుర్తుచేయలేదు. బూట్లు తొడుక్కుంటూ, “ఈరోజు మూటలు పెట్టలేదా ఆంటీ?” అని మాత్రం అడిగింది. ఆరోజు నేను పొయ్యే వెలిగించలేదు.

అక్కడినుంచి ల్యాబ్‌కు రావాలంటే ఎవరిదో కారులో చోటు దొరకాలి, దారి తెరిచి ఉండాలి. మొదటి వారం ఒకరోజు ల్యాబ్ పోయింది, రెండో వారం రెండు రోజులు. ఇంకొక్కటి పోతే టర్మ్ పోయినట్టేనని గుంటూరు పిల్ల చెప్పింది. నేను కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. బస్సు గుట్ట ఎక్కడం, దిగడం. చెక్క మీద మూడు జతలు. పక్కింటావిడ మీద కోపంతో పళ్లు నూరుకునేదాన్ని, ఆవిడ ఎదురొస్తే ఆ ఒక్క ‘కోల్డ్’ కూడా అనలేదు.

ఆ ముసలావిడే మళ్లీ తలుపు తట్టింది. గుంటూరు పిల్ల ఇంట్లో ఉండి తీసింది. ఆవిడ కర్రతో చెక్క చూపించి, మూడు వేళ్లు ఎత్తి ఏదో అడిగింది.

“మిగతా ముగ్గురికీ ఒంట్లో బాలేదా అంటోంది ఆంటీ,” అంది పిల్ల. “సాక్సులు సరిపోయాయా అంటోంది. ఏ సాక్సులు?”

బియ్యం బస్తా వెనకనుంచి సంచీ తెచ్చాను. పిల్ల చీటీ విప్పి చదివింది. ‘మీ ఆరుగురు అమ్మాయిలకు. పొద్దున్నే మీరు బూట్లలో వెచ్చటి మూటలు పెట్టడం నా కిటికీలోంచి చూస్తాను. మా అమ్మమ్మది వేల్స్ దేశంలో గొర్రెలు కాసే పల్లె. అక్కడా గుట్ట మీద కాలేజీ ఉండేది, అమ్మమ్మ ఇంటినిండా చదువుకునే పిల్లలే. ఇటుక ముక్కలు పొయ్యిలో వేడిచేసి, గుడ్డలో చుట్టి వాళ్ల బూట్లలో పెట్టేదట.’

అంతే ఉంది అందులో.

“చెప్పవే ఆవిడకి,” అన్నాను. “భయపడి నేనే వాళ్లను పంపేశానని చెప్పు.”

“అది కూడా చెప్పాలా?”

“చెప్పు.”

ఆవిడ నన్ను తప్పుపట్టినట్టే చూసింది, పట్టాల్సిందే. తరవాత తన ఇంటి పైగది వైపు కర్ర చూపించింది. ఆ గది ఖాళీగా ఉందట, ల్యాబ్ పోతున్న పిల్లను రమ్మంది. మిగతా ఇద్దరూ ఆన్‌లైన్ క్లాసులకు మారి, బ్రాంప్టన్‌లోనే గదులు చూసుకున్నారు. ఖమ్మం పిల్ల మాత్రం పెట్టెలతో మర్నాడే వచ్చింది. ఆ ల్యాబ్ పోలేదు.

వచ్చిన రోజు ఆ పిల్ల అలవాటు కొద్దీ ముసలావిడ గుమ్మం బయటే బూట్లు విప్పింది. ఆవిడ లోపల పెట్టుకోమంటే, “మా ఆంటీ చూస్తున్నారు, తిడతారు,” అందట. అప్పటినుంచి నా మూటలు రెండు గోడ అవతలికి వెళ్లేవి. నేను క్షమించమని అడగలేదు. ఆ పిల్లా ఆ ప్రస్తావన తేలేదు. పొద్దున మూటలు అందుకుంటూ, “ఉప్పు బాగా కాలింది ఆంటీ,” అనేది. నాకు అది చాలేది, చాలేదీ కాదు.

ఏప్రిల్‌లో పాసై, ఉద్యోగమని వాంకూవర్ వెళ్లింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వెళ్లారు. తరవాత పై దేశాల పిల్లలకు పర్మిట్లు తగ్గించేశారు, బస్సు సగం ఖాళీగా గుట్ట ఎక్కుతోంది. బేస్‌మెంటులో దీపం వెలగడం లేదు. నవ్వేవాళ్లు లేకపోయినా ఒక్కోసారి కాలితో నేల తడతాను. చెక్క మీద నా జత ఒకటి, పదిరోజులకోసారి ఆయనవి. గోడ అవతల పరదా మాత్రం ఇప్పుడు తీసే ఉంటుంది. నేను పొయ్యి దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యెత్తుతుంది, నేనూ ఎత్తుతాను. ఇద్దరం ఎవరి కిటికీలో వాళ్లం.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ బూట్లలో మూటలు పెట్టాను, వెచ్చగా ఉంటాయి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప బయట ఎప్పుడూ లెక్కకు అందనన్ని చెప్పులు ఉండాలి, వాటిని దాచుకోవాల్సిన భయం మాత్రం మీ ఇంటికి రాకూడదు.