తెల్ల క్లిప్పు మీద పసుపు

“వదినా, ఆ క్లిప్పు సంగతి ఎవలకు జెప్పకు. అన్ననే పోయిండు, ఇగ ఎవలకు గావాలె అది?”

“సరే తియ్యి.”

మా మరిది నర్సింగ్‌కూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. దవాఖాన మంచం మీద అతను, పక్కన స్టూలు మీద నేను. అలా సరే అనడం నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి నేను చేసింది అదే. దవడలో రాయి పెట్టుకుని అన్నం తిన్నట్టు బతికాను.

నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నర్సింగ్ కూతురే రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. ముఖం తెలియని వాళ్ళైతేనే నోరు పెగులుతుందేమో.

మేడ్చల్ రోడ్డు మీద మాకు రేకుల షెడ్డు ఉండేది. మా ఆయన, ఆయన తమ్ముడు నర్సింగ్ అక్కడ కార్లు బాగుచేసేవాళ్ళు. ఆడదానికి షెడ్డులో ఏం పని అని మా ఆయన అంటే, “వదిన చెయ్యి మంచిగ ఆడ్తది అన్నా, ఉండనియ్యి” అని నర్సింగే నన్ను నిలబెట్టాడు. పానాల పేర్లు నేర్పాడు. కిరోసిన్‌లో సామాన్లు కడుగుతూ అక్కడ కూర్చున్నంతసేపు నేనూ ఒక మనిషిననిపించేది.

షెడ్డులో ఒక కట్టుబాటు. పని పూర్తి చేసినవాడు బండి తాళం దేవుడి పటం కింద మేకుకు తగిలించాలి. తగిలించాక ఆ బండిని ఇంకెవరూ ముట్టరాదు. తర్వాత ఏ లోపం బయటపడినా తాళం తగిలించినవాడిదే.

తొంభైల చివర్లో, షామీర్‌పేట చెరువు దగ్గర తోట ఉన్న ఒకాయన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎవరో వాడి అమ్మింది. నడిచినంతసేపు బాగానే ఉండేది, ఆపాక లోపల నీళ్ళు మరిగి పొంగేవి. రేడియేటర్ మార్చమన్నారట మిగతా మెకానిక్‌లు. నర్సింగ్ దాన్ని రావల్‌కోల్ దాకా తోలుకొచ్చి, ఇంజన్ ఆపి, షెడ్డులో సుత్తి దెబ్బలన్నీ ఆపమన్నాడు. పసిబిడ్డ నిద్రపోయిందా లేదా అని చూసే తల్లిలా బానెట్ దగ్గర చెవి ఒగ్గాడు. మూత పెట్టిన గంజిలా గుడగుడమంటోంది.

“ఇంకో సప్పుడు రావాలె. అది వస్తలేదు,” అన్నాడు.

వినిపించేదాన్ని బట్టి రోగం చెప్పేవాళ్ళను చూశాను. వినిపించనిదాన్ని బట్టి చెప్పినవాణ్ణి అతన్నొక్కణ్ణే చూశాను. ఆ రెండో చప్పుడేమిటో చెప్పేలోగా నేను వంటకని ఇంటికి వెళ్ళిపోయాను. విని ఉంటే? ఎన్నిసార్లు అనుకున్నానో.

అదేమిటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఇంజన్‌లో టర్బో అని ఒకటి ఉంటుంది. పొగ బలానికి తిరుగుతూ నిప్పులా కాలుతుంది. ఇంజన్ ఆగితే నీళ్ళూ ఆగిపోతాయి గనుక, దాన్ని చల్లార్చడానికి చిన్న కరెంటు పంపు ఇంకాసేపు నడవాలి. అది చెడిపోయింది. నర్సింగ్ ఎక్కడెక్కడో తిరిగి వేరే పంపు తెచ్చి బిగించాడు.

ఆ రోజు శుక్రవారం. గడపకు పసుపు రాసి, సరిగా చేతులు కడగకుండానే షెడ్డుకు వచ్చాను. నర్సింగ్ కారు తిప్పి చూసుకుని, తాళం మేకుకు తగిలించి, అన్నతో కలిసి అన్నానికి వెళ్ళాడు. బానెట్ తెరిచే ఉంది. తాళం మేకు మీద ఉంది, కారులో మాత్రం ఏదో సన్నగా జుయ్‌మంటోంది. అంతకుముందే ఒక బండికి లైటు ఆర్పడం మరిచి బ్యాటరీ దిగిపోతే మా ఆయన అందరినీ తిట్టాడు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. చెయ్యి పెట్టి తడిమి, ఆ చప్పుడు వచ్చేచోట వైరుకున్న తెల్ల క్లిప్పు నొక్కి లాగేశాను. చప్పుడు ఆగింది. బ్యాటరీ కాపాడానని లోపల సంబరం. ముట్టరాదన్న సంగతి గుర్తు లేదా? ఉంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఆ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. పంపు నడవక టర్బో మాడిపోయింది.

“తాళం ఎవలు తగిలించిండ్రు?” అన్నాడు మా ఆయన.

నర్సింగ్ బానెట్‌లోకి వంగి ఉన్నాడు. ఊడి వేలాడుతున్న క్లిప్పు అతని చేతిలో ఉంది. దాని మీద పసుపు మరక. నేను చాయ్ గ్లాసులతో పక్కనే ఉన్నాను. అతను మరకను చూశాడు. నన్ను చూశాడు. కిరోసిన్ గుడ్డతో దాన్ని తుడిచేసి, అప్పుడు లేచాడు.

“నేనే అన్నా. క్లిప్పు సరిగ వెట్టలే.”

“కండ్లు యాడ వెట్టి పని జేసినవ్‌రా, పెండ్లాం మీదనా?”

“గట్లనే అనుకో.”

“ఇగ షెడ్డు మొకం సూడకు.”

నా నోరు లేవలేదు. ఎందుకు? మా ఆయన కోపానికి భయపడ్డానా? తిట్టేవాడు, అంతే. కానీ నన్ను మళ్ళీ షెడ్డు మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. నేను కూర్చునే ఆ చోటు కోసం, నాకు ఆ చోటు ఇచ్చినవాణ్ణే వదులుకున్నాను.

అతను దూలపల్లిలో ఏదో ఫ్యాక్టరీలో చేరాడు. మళ్ళీ కారు ముట్టలేదు. మేడ్చల్ మెకానిక్‌లు అతనికి ‘క్లిప్పు నర్సింగ్’ అని పేరు పెట్టారు. అంతటి చెవి ఉన్నవాడికి ఆ పేరు. చివరికి బడిలో ఇది రాస్తున్న ఈ పిల్లను కూడా అదే పేరుతో ఏడిపించారు. అయినా ఏ పెళ్ళిలో ఎదురుపడినా అతని చూపులో నిష్ఠూరం లేదు. “ఏ బండ్లొస్తున్నయ్ వదినా?” అని ఆశగా అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. ఎలా చెప్పగలిగానో. మా ఆయన తమ్ముడిది నిర్లక్ష్యమనుకుంటూనే పోయాడు. ఆయన తల పక్కనే కూర్చుని కూడా నేను చెప్పలేదు.

ఇప్పుడు ఈ కాగితం మేడ్చల్ షెడ్లన్నిటిలో చదివించమంటున్నాను. ఎవరికీ చెప్పకన్నాడు, చెబుతున్నాను. ఇది ఇంకో తప్పేమో. మన్నించమని అడగను, అడగాల్సినవాళ్ళు లేరు. దవడ మాత్రం కొంచెం తేలికైంది.

పిల్ల కలం ఆపింది. తల ఎత్తడం లేదు.

ఏడ్వకు బిడ్డా. తిట్టాలనుంటే తర్వాత తిట్టు. ‘క్లిప్పు నేనే గుంజిన’ అని నేనన్నకాడ గట్లనే రాసినవా, పెద్దమ్మ అని జర మెత్తగ రాసినవా? నాకు అచ్చరం తెల్వదు. మొదటికెల్లి సదువు, నేనింట.